వడపోత నుంచి మూసపోత దాకా

కిందటి భాగం హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ గేటు దగ్గర ఆగింది. జనం నోట ‘ఐపీఎం’గా స్థిరపడిన ఆ సంస్థకు ఇప్పటికీ తాగునీటి నమూనాలు పరీక్షకు వస్తాయి. ఆఫ్రికా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కోసం వస్తారు. ఇలాంటి ప్రయోగశాల ఏ ఊళ్లో ఉన్నా దాని బల్లమీద ఒక వస్తువు తప్పక ఉంటుంది: కంటికి కనపడని రంధ్రాలున్న వడపోత పొర. ఆ రంధ్రం నూరేళ్లలో మూడు కొలువులు చేసింది. మొదట సూక్ష్మజీవిని ఆపింది. తర్వాత వైరస్‌ను కొలిచింది. 1980లలో, ఎవరూ ఊహించని విధంగా, బొట్లను పుట్టించడం మొదలుపెట్టింది. మొదటి రెండు పనుల చరిత్ర పాఠ్యపుస్తకాల్లో ఉంది. మూడోది పరిశోధకుల గదులు దాటి పెద్దగా బయటికి రాలేదు. నూనెను నీటిలో ఒకే సైజు బొట్లుగా విడగొట్టడం అనే పాత చిక్కు ఎలా వీడిందో చెప్పేది ఆ మూడో చరిత్రే. ఆ చిక్కు బలం పెంచడం వల్ల వీడలేదు. బొట్టు ఎంత ఉండాలో నిర్ణయించే అధికారాన్ని బలం చేతిలోంచి తీసి, కదలని ఒక ఘనపదార్థానికి అప్పగించడం వల్ల వీడింది. ఈ భాగంలో నిరూపించదలచింది ఇదే.

ముందు ఆపడం సంగతి. 1884లో పారిస్‌లో, పాశ్చర్ శిష్యుడు షార్ల్ షాంబర్లాన్ మెరుగు పూయని పింగాణీతో గొట్టం చేసి, దాని గోడ గుండా నీటిని నెట్టాడు. బ్యాక్టీరియా గోడలో చిక్కుకుపోయింది. 1891లో జర్మనీలో బెర్కెఫెల్ట్ డయాటమ్ మట్టితో ఇంకాస్త వేగంగా వడకట్టే గొట్టం తెచ్చాడు. ఆ వంశంలోదే మన ఇళ్లలోని క్యాండిల్ ఫిల్టర్. ఆర్‌ఓ యంత్రాలు రాకముందు చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్లలో వంటగది గట్టు మీద స్టీలు ఫిల్టరు ఉండేది. పైగిన్నెలో తెల్లటి క్యాండిల్ నిలబడి ఉండేది. వారం తిరిగేసరికి దానిమీద గోధుమరంగు జిగట పొర పట్టేది, పాత బ్రష్షుతో తోమితే మళ్లీ తెల్లబడేది. ఆ జిగటే రంధ్రం చేసిన పనికి సాక్ష్యం. అయితే 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు ఆకు రసాన్ని షాంబర్లాన్ గొట్టంలో వడకట్టి చూస్తే, వడకట్టిన రసం కూడా తెగులు అంటించింది. రంధ్రం ఆపలేనిది ఏదో ఉందని అప్పుడు తెలిసింది. 1903లో రెమ్లాంజే కుక్కకాటు రోగకారకం కూడా ఇలాగే వడపోతను దాటుతుందని చూపాడు.

ఆ రోగకారకంతో నారాయణగూడకు చాలా ఏళ్ల సంబంధం ఉంది. డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలీలో రూపొందించిన టీకా, అంటే గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ను ఫినాల్‌తో చంపి చేసేది, ఐపీఎంలో కూడా తయారయ్యేది. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అంటూ ఒక తరం భయపడింది దీని గురించే. 2005 నాటికి దేశమంతా ఆ పద్ధతిని మానేసింది. ఇంతకీ ఆ వైరస్ సైజు ఎంత? చెప్పింది కూడా రంధ్రమే. లండన్‌లో విలియం ఎల్‌ఫర్డ్ 1931లో కొలోడియన్ పొరలను రంధ్రాల సైజు వారీగా వరస పెట్టి తయారుచేశాడు. ఏ పొర దాటింది, ఏ పొర దగ్గర ఆగింది అని చూసి వైరస్ కొలత చెప్పేవాడు. 1936లో గాలోవే, ఎల్‌ఫర్డ్‌లు రేబిస్ వైరస్ 0.1 నుంచి 0.15 మైక్రాన్ ఉంటుందని తేల్చారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. ఆ లెక్కను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తర్వాత పెద్దగా మార్చాల్సిన పని రాలేదు. అడ్డుగోడగా మొదలైన రంధ్రం ఇలా కొలబద్ద అయింది. ఒకే సైజు రంధ్రాలు ఉన్న పొర చేయడం వచ్చిందంటే, ఆ సైజు మీద నమ్మకం పెట్టుకోవచ్చని కూడా ఆనాడే తెలిసింది. మూడో పనికి పునాది అక్కడే పడింది. కానీ దాన్ని ఎవరైనా వాడుకోవడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఎందుకంటే బొట్లు చేసేవాళ్లు, వడకట్టేవాళ్లు వేర్వేరు వీధుల్లో ఉండేవారు.

బొట్లు చేసేవాళ్ల వీధిలో అప్పుడు నడుస్తున్నది బలం రాజ్యం. 1899లో ఫ్రాన్స్‌లో ఆగస్ట్ గౌలిన్ పాలను ఎక్కువ పీడనంతో సన్నని సందుల గుండా తోసే యంత్రానికి పేటెంటు తీసుకుని, 1900 పారిస్ ప్రదర్శనలో చూపించాడు. హోమోజినైజర్ అదే. తెల్లవారుజామున చిక్కడపల్లి మార్కెట్ దారిలో కొట్ల ముందు దిగే క్రేట్లలో హోమోజినైజ్ చేసిన పాల ప్యాకెట్లు ఆ యంత్రం సంతానమే. గేదె పాలను కదపకుండా ఉంచితే కాసేపటికి పైన మీగడ తేలుతుంది. ఈ పాలల్లో తేలదు. సగటున 3, 4 మైక్రాన్లుండే కొవ్వు బొట్లను ఆ యంత్రం 150, 200 బార్ల పీడనంతో చిదిమి ఒక మైక్రాన్‌కు అటూఇటూ దింపుతుంది. పాలకు అంతే చాలు. బొట్లన్నీ చిన్నవి కావడం ముఖ్యం కానీ, అన్నీ సమానం కానక్కర్లేదు. పాలలో పనికొచ్చింది కదా అని రంగులు, మందులు, పూతలు, పురుగుమందులు తయారుచేసేవాళ్లంతా అదే బాట పట్టారు. బొట్టు ఇంకా చిన్నది కావాలంటే ఇంకా పీడనం, ఇంకా వేగంగా తిరిగే బ్లేడు. ఏభై ఏళ్లు ఈ వృత్తిలో ప్రశ్న అదొక్కటే.

ఆ దారిలో సమానత్వం ఎందుకు దొరకదో సిద్ధాంతం చెప్పేసింది, వినేవాళ్లు లేకపోయారు. 1934లో కేంబ్రిడ్జ్‌లో జెఫ్రీ టేలర్ నాలుగు రోలర్ల మధ్య ఒకే ఒక్క బొట్టును నిలిపి, ద్రవం దాన్ని ఎలా సాగదీస్తుందో, ఎప్పుడు తెంపుతుందో గమనించాడు. ద్రవం లాగే బలం ఒకవైపు, బొట్టును గుండ్రంగా పట్టి ఉంచే తలతన్యత మరోవైపు. ఈ రెండింటి నిష్పత్తి ఒక హద్దు దాటితే బొట్టు తెగుతుంది. టేలర్ తొట్టిలో బలం ఎంతో ఆయనకు తెలుసు. హోమోజినైజర్ సందులో తెలియదు. అక్కడ గోడ పక్క బలం ఒకటి, మధ్యలో ఒకటి, సుడి కొసన ఇంకొకటి. ఒక బొట్టు పదిసార్లు తెగుతుంది, పక్కది తెగకుండానే జారుకుంటుంది, తెగినవి రెండు ఢీకొని మళ్లీ కలిసిపోతాయి. బలం ఎంత పెంచినా ఈ తేడా పోదు, సగటు మాత్రమే కిందికి దిగుతుంది. ఇది యంత్రం నాణ్యత లోపం కాదు. బలంతో తెంపడం అనే పనిలోనే ఉన్న లోపం.

సమానం కాకపోతే ఏమవుతుంది అనేది న్యాయమైన ప్రశ్న. జవాబు అంకగణితంలో ఉంది. 10 మైక్రాన్ల బొట్టు ఒకటి, ఒక మైక్రాన్ బొట్లు వెయ్యింటితో సమానమైన నూనెను దాచుకుంటుంది. అంటే వెయ్యి చిన్న బొట్ల మధ్య ఒక్క పెద్దది దూరితే సరుకులో సగం ఆ ఒక్కదాని దగ్గరే ఉంది. స్టోక్స్ సూత్రం ప్రకారం బొట్టు తేలే వేగం వ్యాసం వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఆ పెద్దది నూరు రెట్లు వేగంగా పైకి పోతుంది. చిన్న బొట్టులో లోపలి పీడనం ఎక్కువ కాబట్టి, నూనె నీటిలో కొద్దిగానైనా కరిగేదైతే చిన్నవి క్రమంగా కరిగి పెద్దవాటిని పెంచుతాయి. సీసా మీద ‘వాడేముందు బాగా కుదపండి’ అని అచ్చువేయాల్సి రావడం వెనక ఉన్న కారణాల్లో ఇవి ముఖ్యమైనవి. మందు విషయంలో సమస్య ఇంకా పెద్దది. మందును నింపిన పాలిమర్ గోళాన్ని కండరంలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చి, నెల పొడుగునా కొద్దికొద్దిగా విడుదల చేయాలనుకుందాం. 1989లో అమెరికాలో అనుమతి పొందిన ల్యూప్రోలైడ్ డిపో ఇంజెక్షన్ అలాంటిదే, జపాన్ కంపెనీ టకేడా పరిశోధన ఫలం. గోళం చిన్నదైతే దాని పరిమాణంతో పోల్చితే ఉపరితలం ఎక్కువ, మందు తొందరగా బయటపడుతుంది. మరీ పెద్దదైతే సూదిలో ఇరుక్కుంటుంది. ఈ రెండు హద్దుల మధ్య ఇమడని గోళాలను జల్లించి పక్కన పెట్టాలి. ఖరీదైన మందు అలా వృథా అవుతుంది. కాబట్టి సమానత్వం అందం కోసం కాదు. మోతాదు మీద అదుపు కోసం.

సమానమైన గోళాల కోసం జనం ఎంత దూరం వెళ్లారంటే, అంతరిక్షం దాకా. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో జాన్ వాండర్‌హాఫ్ బృందం 1980ల మొదట్లో స్పేస్ షటిల్‌లో పాలీస్టైరిన్ గోళాలను పెంచింది. భూమి మీద పెరుగుతున్న గోళాలు తేలడమో మునగడమో జరిగి అతుక్కుపోతాయి, బరువు లేని చోట ఆ బాధ ఉండదు. అలా తయారైన 10 మైక్రాన్ల గోళాలను 1985లో అమెరికా ప్రమాణాల సంస్థ కొలతల నమూనాగా అమ్మకానికి పెట్టింది. అంతరిక్షంలో తయారై బజారుకొచ్చిన తొలి సరుకు అదే. దాదాపు అదే కాలంలో నార్వేలో జాన్ ఉగెల్‌స్టాడ్, నేల మీదే చిన్న గోళాలను ఉబ్బించి పెంచే ఉపాయం కనిపెట్టాడు. రెండూ గొప్ప పనులే. రెండింటిలోనూ నమ్మింది నెమ్మదైన పెరుగుదలను, బలాన్ని కాదు. ఈ వ్యాసం వాదానికి అవి వ్యతిరేకం కావు, తోడు. కానీ ఆ దారి పాలిమరైజ్ అయ్యే కొద్ది పదార్థాలకే పనికొస్తుంది. వంటనూనెనో, మందు కలిసిన ద్రవాన్నో అలా ‘పెంచడం’ కుదరదు.

అన్ని ద్రవాలకూ పనికొచ్చే దారి తెరిచింది జపాన్ దక్షిణ కొసన, క్యూషూ దీవిలో ఉన్న మియజాకి. అక్కడి నేలలో షిరాసు అనే తెల్లటి అగ్నిపర్వత బూడిద గుట్టలు గుట్టలుగా ఉంటుంది. దాదాపు 30,000 ఏళ్ల కిందట ఐరా అనే మహా అగ్నిపర్వతం బద్దలై పోసిన బూడిద అది. పంటకు సారం లేనిది, వానకు జారిపోయేది. రైతుకు తలనొప్పి. ప్రాంతీయ ప్రభుత్వ పరిశ్రమల పరిశోధన సంస్థలో పనిచేసే తడావో నకషిమా, మసతకా షిమిజు దీన్ని ఏదైనా పనికొచ్చే సరుకుగా మార్చాలని చూశారు. షిరాసులో సున్నం, బోరిక్ ఆమ్లం కలిపి 1350 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి గాజు చేశారు. ఆ గాజును 650, 750 డిగ్రీల మధ్య గంటల తరబడి ఉంచితే లోపల రెండు రకాల గాజు విడివడి, రెండూ ఒకదానిలో ఒకటి అల్లుకుపోతాయి. ఒకటి సిలికా ఎక్కువున్నది, రెండోది బోరాన్, కాల్షియం ఎక్కువున్నది. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచితే రెండోది కరిగిపోతుంది, అది ఉన్న చోటల్లా సొరంగాలు మిగులుతాయి. వేడి ఎంత, ఎంతసేపు అన్నదాన్ని బట్టి సొరంగం వెడల్పు 0.1 మైక్రాన్ నుంచి 20 మైక్రాన్ల దాకా కావలసినట్టు కుదురుతుంది. ఒక్కో పొరలో మాత్రం అన్నీ దాదాపు ఒకే వెడల్పు. ఇది 1981 నాటి మాట. గాజులో ఇలా రంధ్రాలు తెప్పించడం కొత్త కాదు, అమెరికాలో కార్నింగ్ కంపెనీకి చెందిన హుడ్, నార్డ్‌బర్గ్ 1930లలోనే చేశారు. కానీ వాళ్ల రంధ్రాలు మైక్రాన్‌లో కొన్ని వేలవ వంతులు మాత్రమే. బొట్టు పుట్టడానికి అది చాలా ఇరుకు. మియజాకి గాజు అసలు విలువ దాని కొలతలో ఉంది.

మొదట వాళ్లు కూడా దాన్ని వడపోతకే ఉద్దేశించారు. 1988 నాటికి ఆలోచన తిరగబడింది. పొరకు ఒక పక్క నూనె, రెండో పక్క సబ్బు లాంటి ఎమల్సిఫయర్ కలిసిన నీరు. నూనె మీద కొద్దిగా పీడనం పెడితే అది రంధ్రంలో నడిచి అవతలి మూతి దగ్గర బుడిపెలా బయటికొస్తుంది. ఆ క్షణాన్ని దగ్గరగా చూడాలి, ఎందుకంటే చరిత్ర మలుపు అక్కడే ఉంది. బుడిపె రంధ్రం వెడల్పును దాటి ఉబ్బుతుంది, కానీ తల్లి నూనెతో దానికి మెడ ఇంకా తెగలేదు. నీరు పొరను ఒరుసుకుంటూ మెల్లగా పారుతూ దాన్ని పక్కకు వంచుతుంది. లోపల సొరంగం ఇరుకు, బయట బుడిపె విశాలం. తలతన్యత వల్ల ఇరుకులో పీడనం ఎక్కువ, విశాలంలో తక్కువ. దాంతో నూనె తనంతట తానే బయటి బుడిపెలోకి జారుతుంది, మెడ సన్నబడి తెగుతుంది. హోమోజినైజర్‌లో తలతన్యత ఓడించాల్సిన శత్రువు. ఇక్కడ అదే మంత్రసాని. మిఠాయి దుకాణంలో బూందీ గరిటె చూసినవాళ్లకు ఈ ఏర్పాటు వింతగా తోచదు. శనగపిండి జారును ఎంత బలంగా రుద్దినా, మెల్లగా రుద్దినా బూందీ గింజ సైజును గరిటె చిల్లే నిర్ణయిస్తుంది, గింజ చిల్లుకన్నా కాస్త పెద్దదిగానే వస్తుంది. ఒక తేడా ఉంది: పిండి చుక్కను తెంపేది దాని బరువు. మైక్రాన్ బొట్టుకు లెక్కపెట్టదగ్గ బరువే లేదు, అందుకే ఆ పని తలతన్యతకు, పక్కనుంచి పారే నీటికి పడింది.

శక్తి లెక్క చూస్తే ఈ మలుపు విలువ ఇంకా తెలుస్తుంది. ఒక మిల్లీలీటరు నూనెను ఒక మైక్రాన్ బొట్లుగా చేస్తే దాదాపు 2 లక్షల కోట్ల బొట్లు వస్తాయి. వాటి ఉపరితలమంతా కలిపి 6 చదరపు మీటర్లు, అంటే చిన్న గది నేలంత. ఎమల్సిఫయర్ ఉన్న నీటిలో తలతన్యత మీటరుకు 5 మిల్లీన్యూటన్లు అనుకుంటే, ఆ ఉపరితలం తయారుచేయడానికి న్యాయంగా కావలసింది 0.03 జౌల్. 200 బార్ల హోమోజినైజర్ మిల్లీలీటరు ద్రవానికి పెట్టే ఖర్చు 20 జౌళ్లు. దాదాపు 700 రెట్లు. మిగతాదంతా వేడి. అందుకే ఆ యంత్రాలకు చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది, వేడికి, ఒరిపిడికి తట్టుకోలేని ప్రొటీన్లు అందులో పాడవుతాయి. పొర పద్ధతిలో ఒక మైక్రాన్ రంధ్రం దాటించడానికి అదే తలతన్యత దగ్గర కావలసిన కనీస పీడనం 20 కిలోపాస్కల్, వాతావరణ పీడనంలో ఐదోవంతు. అంటే మిల్లీలీటరు నూనెకు 0.02 జౌల్. ఈ పద్ధతిలో బొట్టు సాధారణంగా రంధ్రం వెడల్పుకు దాదాపు మూడు రెట్లుంటుంది; అలా వచ్చే 3 మైక్రాన్ల బొట్లకు న్యాయమైన ఖర్చు 0.01 జౌల్ కాబట్టి, ఖర్చు అవసరానికి రెండింతలే. దీనికి నీటిని తిప్పే పంపు ఖర్చు కలపాలి, కనీస పీడనం కన్నా కాస్త ఎక్కువే పెట్టాలి. అన్నీ కలిపినా హోమోజినైజర్‌కు చాలా దిగువనే ఉంటుంది. అవసరానికి వందల రెట్లు ఖర్చు పెడుతున్నామంటే, ఆ ఖర్చులో ఎక్కువ భాగం పని మీద కాక పక్కదారిన పోతోందనే అర్థం.

ఈ వాదానికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఇది: బొట్టు రంధ్రానికి సమానం కాదు కదా, మూడు రెట్లంటున్నారు, ఇంకొందరి ప్రయోగాల్లో రెండు నుంచి పది రెట్ల దాకా వచ్చింది, మరి నిర్ణయించేది రంధ్రమే అని ఎలా అంటారు? నిజమే, రంధ్రం ఒక్కటే నిర్ణయించదు. పొర నీటినే ప్రేమించాలి. నూనె దానిమీద పాకిందంటే బుడిపెలు ఒకదానితో ఒకటి కలిసిపోయి సమానత్వం అంతా పోతుంది. నీటి బొట్లను నూనెలో చేయాలంటే అదే గాజుకు సిలేన్ పూత పూసి నీటిని అసహ్యించుకునేలా మార్చాలి. ఎమల్సిఫయర్ కొత్త ఉపరితలానికి తొందరగా చేరాలి, పాల ప్రొటీన్ లాంటి నెమ్మదైనవి ఆలస్యం చేస్తే బొట్టు ఇంకా ఉబ్బుతుంది. పీడనం మితిమీరితే నూనె బుడిపెగా కాక ధారగా చిమ్ముతుంది, అప్పుడు మళ్లీ బలం రాజ్యమే. కానీ ఇవన్నీ ఒకసారి స్థిరపరిచాక గమనించాల్సింది ఒకటుంది. పొర మారిస్తే బొట్టు అదే నిష్పత్తిలో మారుతుంది. ఒక మైక్రాన్ పొరకు 3 మైక్రాన్ల బొట్టు వస్తే, 5 మైక్రాన్ల పొరకు 15 మైక్రాన్ల దగ్గర బొట్టు వస్తుంది. ఆ సరళరేఖే సాక్ష్యం. మిగతా కారణాలు ఆ రేఖ వాలును మారుస్తాయి కానీ రేఖను చెరపలేవు. హోమోజినైజర్‌లో ఇలా చేతిలో పట్టుకుని మార్చగలిగే వస్తువు ఏదీ లేదు.

రెండో అభ్యంతరం కర్మాగారం నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. పద్ధతి ఇంత మంచిదైతే పాల డెయిరీలన్నీ ఎందుకు మారలేదు? ఎందుకంటే ఇది నెమ్మది. ఒకేసారి బొట్లు పుట్టించేవి పొరలోని రంధ్రాల్లో కొద్ది శాతమే. చదరపు మీటరు పొర గుండా గంటకు దాటే నూనె పదుల లీటర్ల లెక్కలోనే ఉంటుంది. వేగం పెంచితే సమానత్వం పోతుంది. గాజు పొర పెళుసు, సొరంగాల్లో మురికి చేరితే కడగడం కష్టం. 1996లో జపాన్‌లోనే సుజుకి బృందం ఒక రాజీ మార్గం చూపింది: ముందు మామూలుగా గిలక్కొట్టి ముతక ఎమల్షన్, అంటే నూనె బొట్లు కలిసిన నీరు, చేసుకుని, దాన్ని పొర గుండా దాటించడం. వేగం ఎన్నో రెట్లు పెరిగింది, సమానత్వం కాస్త తగ్గింది, ఒకటికి రెండుసార్లు దాటిస్తే అదీ చాలావరకు కుదిరింది. జపాన్‌లో మొరినాగా పాల కంపెనీ తక్కువ కొవ్వుతో బ్రెడ్డుమీద రాసుకునే స్ప్రెడ్ తయారీకి ఈ పొర విద్యను వాడుకుంది. అంతమాత్రాన లీటరు పాలకు ఎవరూ గాజు పొర వాడరు, వాడనక్కర్లేదు. కొత్త పద్ధతి పాతదానిచేత చోటు ఖాళీ చేయించినప్పుడే గెలిచినట్టు అనుకోవడం చరిత్రను తప్పుగా చదవడమే. బలం చవకైన చోట బలం ఉంటుంది. గ్రాము వేల రూపాయలు చేసే మందు ఉన్న చోట, జల్లించి పారేయడం భరించలేని చోట రంధ్రం వస్తుంది.

అలా వచ్చిన మొదటి చోట్లలో ఒకటి మియజాకి వైద్య కళాశాలే. కాలేయ క్యాన్సర్‌కు ఎపిరుబిసిన్ మందును నీటి బొట్లుగా అయోడిన్ కలిసిన గసగసాల నూనెలో, ఆ నూనెను మళ్లీ నీటిలో సమానమైన బొట్లుగా చేసి, కాలేయ ధమనిలోకి ఎక్కించే చికిత్సను హిగాషి బృందం నకషిమా, షిమిజులతో కలిసి రూపొందించి 1995లో ప్రచురించింది. నూనె బొట్టు కణితిని పోషించే సన్నని నాళాల దాకా వెళ్లి అక్కడ ఇరుక్కోవాలి. అంతకన్నా ముందే ఆగకూడదు, దాటి ఊపిరితిత్తులకూ పోకూడదు. సైజు తప్పితే వైద్యమే తప్పుతుంది. బూడిద గుట్టను గాజు చేసినవాళ్లు, ఆ గాజుతో బొట్లు చేసినవాళ్లు, ఆ బొట్లను రోగికి ఎక్కించినవాళ్లు ఒకే ఊరివాళ్లు కావడం ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. తర్వాత టోక్యోలో షింజో ఓమి ఇదే పొరతో మోనోమర్ బొట్లు చేసి, అవి గట్టిపడ్డాక సమానమైన సూక్ష్మగోళాలు తీశాడు. వాండర్‌హాఫ్ ఆకాశంలో చేసిన పనికి నేల మీది జవాబు అది. ఓమితో పనిచేసిన మా గ్వాంగ్‌హ్వే ఆ విద్యను బీజింగ్ తీసుకెళ్లి, అగరోజ్, కైటోసాన్ గోళాల దాకా విస్తరించింది. అగరోజ్ గోళాలు ప్రొటీన్ శుద్ధి కాలమ్‌లలో నింపేవి. కాలమ్‌లో గోళాలన్నీ ఒక్కటిగా ఉంటే ద్రవం అంతటా ఒకే తీరుగా పారుతుంది.

ఇంకో అభ్యంతరం కొత్తతరం వాళ్లది. సన్నని కాలువలు చెక్కిన చిప్‌లలో, అంటే మైక్రోఫ్లూయిడిక్స్‌లో, బొట్ల తేడా 5 శాతంకన్నా తక్కువకు దిగింది, గాజు పొరతో 10 శాతం దగ్గర ఆగుతుంది, మరి పొర పాతబడిపోలేదా అంటారు. కొలత నిజమే. కానీ చిప్‌లో ఒక కాలువ ఒక్కో బొట్టునే తెంపుతుంది. పొరలో చదరపు సెంటీమీటరుకు లెక్కలేనన్ని మూతులు. పైగా చిప్ చేసేదేమిటి? బొట్టు సైజును ఒక ఘనపదార్థపు జ్యామితికి అప్పగించడమే. 1997లో త్సుకుబాలో నకజిమా బృందం తెచ్చిన మైక్రోచానల్ పద్ధతిలోనైతే, తెంపేది కూడా పక్క ప్రవాహం కాదు, తలతన్యతే. అది మియజాకి ఆలోచనకు పోటీ కాదు, పొడిగింపు.

ఈ కథంతా జపాన్‌ది కదా, చిక్కడపల్లి పాఠకుడికి దీనితో పనేమిటి అని అడిగేవాళ్లకు చూపించడానికి మ్యాపు చాలు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దాటి కాస్త ముందుకెళ్తే ఆజామాబాద్ పారిశ్రామికవాడ. 1953లో మొదలైన బయలాజికల్ ఇ అక్కడిదే, టీకాల్లో అది పేరున్న కంపెనీ. తార్నాకలో 1944లో హైదరాబాద్ సంస్థానం కాలంలో పుట్టి, 1956లో సీఎస్‌ఐఆర్‌లో చేరి, 1989లో ఐఐసీటీ అయిన ప్రయోగశాలలో పొరల మీద ఏళ్లుగా పరిశోధన నడుస్తోంది, ముఖ్యంగా నీటి శుద్ధికి. నగరంలోనే ఉన్న ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ పశువుల గాలికుంటు వ్యాధికి నూనె కలిపిన టీకా తయారుచేస్తుంది. అంటే ఎమల్షన్ టీకాయే. అందులో బొట్ల సైజు బట్టి చిక్కదనం, నిల్వ, సూదిలో దిగే తీరు మారతాయి. పొర తెలిసినవాళ్లు, బొట్టు అవసరం ఉన్నవాళ్లు, గోళాలతో ప్రొటీన్ శుద్ధి చేసే పరిశ్రమ, అన్నీ ఒక గంట ప్రయాణంలో ఉన్న ఊరు ఇది. మియజాకిలో బూడిద, గాజు, ఆసుపత్రి ఎంత దగ్గరగా ఉన్నాయో ఇక్కడ ఇవీ అంత దగ్గరే. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షలకు చదివే పిల్లలు సైన్స్ అండ్ టెక్నాలజీ పేపర్ కోసం సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుని నానో టెక్నాలజీ నిర్వచనాలు కంఠస్థం చేస్తున్నారు. వాళ్లకు నిర్వచనంకన్నా ముందు ఈ 3 మైక్రాన్ల లెక్క చూపించడం మేలు.

మన దగ్గర పని ఎక్కడ మొదలుపెట్టవచ్చో కూడా పై లెక్కే చెబుతుంది. పాల దగ్గర కాదు, రంగుల దగ్గర కాదు. రోజుకు కొన్ని లీటర్లే చాలే చోట, ఒక్కో లీటరు ఖరీదైన చోట, సైజు తప్పితే పారేయాల్సిన చోట. నెల రోజుల డిపో ఇంజెక్షన్లు, శుద్ధి కాలమ్‌ల గోళాలు, వేడికి పాడయ్యే ప్రొటీన్ కలిసిన ఎమల్షన్లు ఆ మూడు షరతులకూ సరిపోతాయి. గాజు పొర దిగుమతి చేసుకోవాల్సిందే అనుకోనక్కర్లేదు. స్టీలు రేకులో లేజర్‌తో చిల్లులు కొట్టిన పొరలు, సెరామిక్ పొరలు కూడా ఈ పనికి వాడుతున్నారు. స్టీలు పొర పెళుసు కాదు, కడగడం సులువు, పది మైక్రాన్లకు పైబడిన గోళాలకు చక్కగా సరిపోతుంది. అంతకన్నా చిన్న రంధ్రాలు కావలసిన చోట సెరామిక్ ఉంది. షాంబర్లాన్ పింగాణీ గొట్టం కూడా సెరామిక్కే. దానికి రంధ్రాల వెడల్పు మీద అదుపు లేదు, అందుకే అది ఆపడంతో సరిపెట్టుకుంది. ఆ అదుపు ఎలా వచ్చిందో, సెరామిక్ పొరల్లో రంధ్రాన్ని ఎలా దిద్దుతారో వచ్చే భాగంలో.